చెట్టు హద్దును చెట్టుకే వదులుదాం

ఈ నెల మా పెరటి శీర్షికకు ఒక సోదరి రాసిన ఉత్తరమే ఆధారం. ఆమె ఇలా రాశారు: "మర్హూమా అత్తగారు నాటిన జామచెట్టు మా పెరట్లో ఉంది. ఏటా వీధిలోని పిల్లలందరూ దాని పళ్ళు తింటారు. ఇప్పుడు ఇంటికి సరిపడా కూరగాయలు పెంచుకోవాలని నా కోరిక. ఉన్న జాగాలో ఎక్కువ భాగం ఆ చెట్టు కిందే ఉంది. మాను చుట్టూ ఇటుకలు పేర్చి, రెండడుగుల ఎత్తున మట్టి నింపితే మడి అందంగా ఉంటుందని మేస్త్రీ అంటున్నాడు. మా వారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?"

సోదరీ! మీ వారి అభ్యంతరం సమంజసమైనదే. అయితే మీ కోరికలోనూ తప్పేమీ లేదు. రెండింటికీ చోటు దొరుకుతుంది. కాకపోతే మొదటి ఇటుక పెట్టకముందే నేల కింద ఏముందో తెలుసుకోవాలి.

చెట్టు ఎంత ఎత్తు ఉంటే వేర్లు అంత లోతుకు దిగుతాయని మనలో చాలామంది భావిస్తాం. వాస్తవం వేరు. చెట్టుకు నీటినీ పోషకాలనూ అందించే సన్నని పీచువేర్లు అధికభాగం నేల పైపొరలోనే, సుమారు అడుగు నుంచి రెండడుగుల లోతులోపే ఉంటాయి. కొమ్మల అంచును దాటి కూడా అవి విస్తరిస్తాయి. జామ, నిమ్మ, అరటి, కొబ్బరి ఈ విషయంలో మరీ సున్నితమైనవి. కొబ్బరికి అసలు తల్లివేరే ఉండదు. దాని మొదలు నుంచి వేలాది పీచువేర్లు బయలుదేరుతాయి. వాటిలో చురుకుగా పనిచేసేవి ఎక్కువగా మాను చుట్టూ ఆరడుగుల లోపే ఉంటాయి.

వేర్లు కూడా ఊపిరి పీల్చుకుంటాయి. మట్టిరేణువుల మధ్య ఉండే గాలే వాటికి ప్రాణాధారం. అలాంటి నేలపై అకస్మాత్తుగా రెండడుగుల మట్టి పోసి రోజూ నీరు పెడితే, కింద ఉన్న వేర్లకు గాలి అందదు. పైగా ఎండకూ గాలికీ అలవాటుపడిన మాను బెరడు తడిమట్టిలో కూరుకుపోయి క్రమంగా కుళ్ళిపోతుంది. ఈ హాని వెంటనే కంటికి కనిపించదు. ఏడాదికో రెండేళ్ళకో ఆకులు చిన్నవవుతాయి, పసుపుబారుతాయి, కొమ్మల చివర్లు ఎండుతాయి. మట్టి పోసిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. చీడ పట్టిందనుకొని మందులు చల్లుతారు.

ఈ పొరపాటు మా ఇంట్లోనూ జరిగింది. నాన్నగారు పెంచిన నిమ్మచెట్టు మొదట్లో పుదీనా వేద్దామని నేనే తట్టలకొద్దీ మట్టి, ఎరువు పోశాను. మొదటి ఏడు పుదీనా గుబురుగా పెరిగింది. ఆ మరుసటి ఏడు చెట్టు మొదలు నుంచి బంక కారడం మొదలైంది. మట్టి తీసి చూసేసరికి బెరడు చుట్టూ మెత్తబడి ఊడివస్తోంది. చెట్టు దక్కలేదు. నాన్నగారు ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం నాకు నేటికీ గుర్తుంది.

ఇక మడి సంగతి. చెట్టుకు హాని చేసిన మడి తానైనా బాగుపడుతుందా అంటే, అదీ లేదు. వదులైన మట్టి, ఎరువు, తడి ఎక్కడ ఉంటే వేర్లు అక్కడికే వస్తాయి. ఒకటి రెండు కార్లు గడిచేసరికి మడి అంతా కింది నుంచి వేర్లతో అల్లుకుపోతుంది. వంగకూ టమాటాకూ పోసిన నీటిని చెట్టే తాగుతుంది. దానికితోడు నీడ. కాయగూరలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. గుబురైన జామచెట్టు కింద అది దొరకదు.

ఈ సందర్భంలో ఒక హదీసు గుర్తుకు వస్తోంది. ఒక ఖర్జూరపు చెట్టు చుట్టూ ఉన్న స్థలం విషయంలో ఇద్దరు వ్యక్తులు వివాదపడి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సన్నిధికి వచ్చారు. ఆయన కొలవమని ఆదేశించారు. ఆ కొలత ఏడు మూరలని ఒక ఉల్లేఖనంలో, ఐదు మూరలని మరొక ఉల్లేఖనంలో ఉంది. దాని ప్రకారమే ఆయన తీర్పు చేశారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. చెట్టు చుట్టూ ఉండే ఈ స్థలాన్నే 'హరీమ్' అంటారు. చెట్టు కొమ్మలు ఎంతవరకు విస్తరిస్తాయో అంతవరకు దాని హరీమ్ అని ధర్మశాస్త్ర పండితులు కొందరు వివరించారు. ఆ తీర్పు మనుషుల మధ్య హక్కులకు సంబంధించినదే తప్ప తోటపనికి సంబంధించినది కాదు. అయినప్పటికీ, చెట్టు అంటే కేవలం మాను కాదనీ, దాని చుట్టూ కొంత నేల దానికి చెందుతుందనీ అది మనకు నేర్పుతోంది. నేటి తోటమాలులు చెప్పేదీ ఇంచుమించు ఇదే: కొమ్మల అంచు లోపల తవ్వవద్దు, మట్టి పోయవద్దు.

కాబట్టి సోదరీ, ఇలా చేయండి. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచు వెంబడి ముగ్గుతో ఒక గీత గీయండి. ఆ గీతకు బయట, ఎండ బాగా పడే చోటనే మడి కట్టండి. ఎంత దూరంగా ఉంటే అంత మేలు. పునాది తవ్వించకండి. ఇటుకలను నేలమీదే సిమెంటు లేకుండా పేర్చితే చాలు. ఆకుకూరలకు అడుగు ఎత్తు సరిపోతుంది, వంగకూ టమాటాకూ అడుగున్నర కావాలి. రెండువైపుల నుంచి చెయ్యి అందేలా వెడల్పు నాలుగడుగులు మించకూడదు. అడుగున నీరు ఇంకే నేసిన షీటు పరిస్తే వేర్ల రాక ఆలస్యమవుతుందేగాని పూర్తిగా ఆగదు. కనుక ఏడాదికొకసారి మట్టి తిరగవేసి, వచ్చిన సన్నని వేర్లను తీసివేయాలి. బొటనవేలంత లావున్న వేరు కనిపిస్తే మాత్రం దాన్ని నరకకండి. మడినే కాస్త పక్కకు జరపండి.

గీత లోపలి జాగా వృథా పోదు. ఇటుకల మీద ఎత్తుగా నిలిపిన కుండీలలో, తొట్లలో నీడను ఓర్చుకునే అల్లం, పసుపు, చామ, పుదీనా పెంచవచ్చు. కుండీని నేరుగా నేలపై పెడితే అడుగు రంధ్రాల గుండా జామవేర్లు లోపలికి చేరుతాయి. రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టకుండా, మానుకు జానెడు దూరం వదిలి, పలుచగా పరచండి. నేల చల్లగా ఉంటుంది. వుజూ చేసిన నీరు మురుగులోకి పోకుండా మడులకు మళ్ళిస్తే ఐదు పూటలా తడి అందుతుంది.

ఇప్పటికే మాను చుట్టూ మట్టి పోసినవారు నిరాశ చెందనవసరం లేదు. ఎండలు తగ్గాక, గడ్డపారతో కాకుండా చేత్తోనో చిన్న బొరిగెతోనో మట్టిని కొద్దికొద్దిగా తొలగించండి. మొదలు వెడల్పై నేలలోకి దిగే చోటు బయటపడేదాకా తీయాలి.

ఒక ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నది అతని పక్షాన సదఖా అవుతుందని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. మీ అత్తగారి ఖాతాలో ఆ సదఖా ఇంకా సాగుతూనే ఉందని ఆశిద్దాం. మీ వీధి పిల్లలు జామకాయ కొరికిన ప్రతిసారీ అందులో ఆమెకూ వాటా ఉంటుంది. నాలుగు కట్టల కూర కోసం దాన్ని ఆపుకోవద్దు. మడిని పది అడుగులు అవతల కట్టుకుంటే కూర మీకు దక్కుతుంది, పుణ్యం ఆమెకు చేరుతుంది.

అల్లాహ్ ఆ మర్హూమా సత్కార్యాన్ని స్వీకరించుగాక! మీ పెరటికి శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.