లేబుల్ నిలిస్తేనే పేరు నిలిచేది!

అనకాపల్లి అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది బెల్లం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మనదొకటి. ఆ బెల్లంతో నువ్వుల చిమ్మిలి, వేరుశనగ ఉండలు, అరిసెలు ఇంట్లోనే చేసి అమ్ముతున్న గృహిణులు మనలో చాలామందే ఉన్నారు. పాకం పట్టడంలో వాళ్లకి వంక పెట్టేవారు లేరు. చిక్కల్లా డబ్బా మీద అంటించే లేబుల్ దగ్గరే!

చుట్టాలకి పంపేటప్పుడు అందులో ఏమేం వేశామో నోటితో చెప్పేస్తాం. కొనుక్కున్నవారికి చెప్పేది లేబులే కదా! వేరుశనగ పడని పిల్లవాడున్న ఇంట్లో ఆ ఒక్క మాటా చెరిగిపోతే ఎంత ప్రమాదమో ఊహించండి. అందుకే లేజర్ ప్రింటర్ మీద లేబుళ్లు చక్కగా తీసుకోవడమెలాగో ఈ వారం చూద్దాం. ప్రింటరు ఇంట్లో ఉన్నా, డీటీపీ సెంటరుకి వెళ్లినా ఈ సంగతులు తెలిసుండాలి.

లేజరే ఎందుకంటారా? ఇళ్లలో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటి సిరా తడిచెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. లేజర్ ప్రింటర్లో ఉండేది సిరా కాదు, టోనర్ అనే మెత్తని ప్లాస్టిక్ పొడి. లోపలి రోలరు దాదాపు 200 డిగ్రీల వేడితో ఆ పొడిని కరిగించి కాగితానికి పట్టిస్తుంది. అందుకే అక్షరం తడికి చెదరదు. అయితే చిక్కులు తెచ్చేదీ ఆ వేడే!

కాబట్టి షీట్లు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ‘లేజర్’ అని ఉందో లేదో చూడండి. ఇంక్‌జెట్‌కి మాత్రమే అన్నవి వాడితే ఆ వేడికి జిగురు కారి, లేబుల్ లోపలే ఊడి రోలరుకి చుట్టుకోవచ్చు. కొన్ని లేబుళ్లు ఒలిచేసిన షీటుని పొదుపు పేరుతో మళ్లీ ప్రింటర్లో పెట్టడం అసలు కూడదు. షీటు ఖరీదు ఎంతని? మరమ్మతు ఖర్చుతో పోలిస్తే ఏపాటి! చిమ్మిలికి ఆరు లేబుళ్లే కావాలనుకోండి, మిగతా గళ్లలో అరిసెలవీ, ఉండలవీ నింపేసి ఒకేసారి తీసేయండి.

తర్వాత కొలతలు. ఏ4 షీటు 210 × 297 మి.మీ. ఉంటుంది. 24 లేబుళ్ల షీటులో ఒక్కో లేబుల్ సాధారణంగా 64 × 34 మి.మీ. ప్రింట్ చేసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ అని ఉంటే తీసేసి ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం పెట్టండి. 97 శాతానికి తగ్గినా చాలు, పై వరుస, కింది వరుస మూడు నాలుగు మిల్లీమీటర్లు జరిగిపోతాయి. ముందుగా మామూలు తెల్లకాగితం మీద ఒకటి తీసి, లేబుల్ షీటు మీద పెట్టి వెలుతురుకి పట్టుకుని చూడండి. గళ్లు కుదిరాకే అసలు షీటు పెట్టాలి.

పేపర్ రకం దగ్గర ‘లేబుల్స్’ అని ఎంచుకోండి. అది లేకపోతే మందపు కాగితం అని పెట్టండి. షీట్లు చేత్తో ఒక్కొక్కటిగా అందించండి. వెనక తలుపు తెరిచే వీలున్న ప్రింటరైతే తెరిచి ఉంచితే షీటు వంపు తిరక్కుండా తిన్నగా వచ్చేస్తుంది. చల్లారాక బొటనవేలితో రుద్ది చూడండి. నలుపు వేలికి అంటిందంటే వేడి చాలలేదన్నమాట.

తెలుగు అక్షరాల విషయానికొస్తే, ఇంట్లో చక్కగా కనిపించిన ఒత్తులు, గుడులు సెంటర్లోని కంప్యూటర్లో గజిబిజి గుర్తులైపోతుంటాయి. పీడీఎఫ్ చేసుకుని తీసుకెళ్తే ఆ బెడద ఉండదు. అన్నట్టు, తెలుగొక్కటే రాస్తే చాలదు. 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. 14 అంకెల నంబరు, వేసిన దినుసులు, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు మరువకండి. పాత ఫైలే వాడుతున్నవారు చిరునామా కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది అనకాపల్లి జిల్లా. ఇంకా విశాఖపట్నం జిల్లా అనే ఉందేమో!

ఇక అంటించడం. డబ్బాలో సరుకు నింపకముందే, పొడిగుడ్డతో తుడిచి అంటించండి. నూనె చెయ్యి తగిలిన చోట ఎంత మంచి జిగురైనా పట్టదు. మిగిలిన షీట్లు కవరులోనే బల్లపరుపుగా, పైన ఏదైనా బరువు పెట్టి దాచండి. వానాకాలం చెమ్మకి వంకరపోతే ప్రింటర్లో ఇరుక్కుంటాయి.

కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర వస్తుంది, ఆర్డర్లూ పెరుగుతాయి. ఆ హడావిడిలో కాక, తీరిగ్గా ఉన్నప్పుడే లేబుళ్లు తీసి పెట్టుకోండి. తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలన్నది మాత్రం ఖాళీ వదిలి, వండిన రోజున చెరగని సిరాతో మీ చేత్తో వేయండి. కొన్నవారి నమ్మకం ఆ రెండు తేదీల మీదే ఉంటుంది.