బొందు సంచా, జిప్పు సంచా?

పెద్ద స్వెట్టర్లు అల్లేవాళ్లకు సంచితో పేచీ ఉండదు. ఆ పని ఎలాగూ కుర్చీ వదిలి కదలదు, ఏ బట్టల కొట్టు సంచిలో పడేసినా సరిపోతుంది. తంటా అంతా చిన్న పనులతోనే. మేజోళ్లు, పసివాళ్ల టోపీలు మనతోపాటు బస్సెక్కుతాయి, డాక్టరు పిలిచేదాకా ఒళ్లో కూర్చుంటాయి, అమెరికాలో మనవరాలిని చూడబోయే విమానంలోనూ తోడొస్తాయి. వీటికి ఎలాంటి సంచి కావాలనే దగ్గర అల్లేవాళ్లు రెండు పక్షాలుగా చీలిపోతారు. మూతికి బొందు ఉన్న గుడ్డ సంచి చాలని కొందరు, జిప్పు లేకపోతే అది సంచే కాదని మరికొందరు.

జిప్పు పక్షాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. మేజోళ్ల సూది మందం 2.25 నుంచి 2.5 మిల్లీమీటర్లే ఉంటుంది. 64 కుట్ల మేజోడును నాలుగు సూదుల మీద సర్దితే ఒక్కోదానికి 16 కుట్లు. ఆ సూదులకు రెండు కొసలా మొనలే గనక ఒక్కటి జారితే 16 కుట్లూ ఒకేసారి విడిపోతాయి. బొందు ఎంత బిగించినా మూతి మధ్యలో వేలు పట్టేంత సందు మిగులుతుంది. ఆ సందులోంచి సూది బయటికొచ్చి హ్యాండ్‌బ్యాగులో తాళాలతో, చార్జరు వైరుతో చిక్కుపడుతుంది. సగం అల్లి అలమరలో పెట్టి నెలల తరబడి మరిచిపోయే పనులు ఎవరికి ఉండవు? వాటిని ఊలు కొట్టే పురుగు నుంచి కాపాడటంలోనూ జిప్పుదే పైచేయి.

అయితే ఇదంతా సంచిని మోసేటప్పటి సంగతి. అల్లేటప్పుడు లెక్క తిరగబడుతుంది. సగం తెరిచిన జిప్పులోంచి ఊలు లాగుతుంటే పోగు దాని పళ్లకు రాసుకుంటూ వస్తుంది. నైలాన్ జిప్పయితే కాస్త నయం, ఇత్తడిదైతే పోగు నలిగి నూగు లేస్తుంది. అసలు గండం మూసేటప్పుడు. దిగాల్సిన స్టాపు వచ్చేసిందని గబుక్కున లాగుతాం, ఊలు పోయి జిప్పు రన్నర్‌లో ఇరుక్కుంటుంది. ఇక అది ముందుకూ పోదు, వెనక్కీ రాదు. లోపలి వైపు జిప్పు పొడవునా గుడ్డ పట్టీ అడ్డం కుట్టిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కానీ నగల దుకాణాలవాళ్లు ఇచ్చే పర్సులకు ఆ పట్టీ ఎక్కడుంటుంది? చీరలు దాచుకునే ప్లాస్టిక్ కవర్లలో పని ఎంతవరకు వచ్చిందో బయటికే కనిపిస్తుంది, ఆ మేరకు మంచివే. ఊలు వాటి గోడలకు అతుక్కుపోవడం, తీసిన ప్రతిసారీ కవరు చేసే చప్పుడు మాత్రం నాకు పడవు.

వెల్‌క్రో మూత సంగతి అడగనే వద్దు. స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ ద మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయలను చూసి దాన్ని తయారుచేసి, 1955లో పేటెంటు పొందాడు. బొచ్చును పట్టుకునే కాయల్ని చూసి చేసిన వస్తువు ఊలును వదులుతుందా?

స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఆడవాళ్లు ఒకప్పుడు పొయ్యిలోకి పీట్ అనే మండే మట్టిగడ్డల బుట్ట వీపున మోసుకొస్తూ, దారి పొడవునా అల్లుతూనే ఉండేవారు. నడుముకు తోలు బెల్టు, దానికి గుర్రపు వెంట్రుకలు కూరి చిల్లులు పెట్టిన దిండు. సూది కొసను ఆ చిల్లులో దోపితే చేతికి బరువు తగ్గేది. వాళ్లకు కావలసింది పోగు ఆగకుండా రావడమే. కూర్చుని అల్లే మనకూ అదే ముఖ్యమని నా అభిప్రాయం, అందుకే నా ఓటు బొందు సంచికి. మూతి కాస్త వదులు చేసి మణికట్టుకు తగిలించుకుంటే నిలబడి కూడా అల్లవచ్చు.

పోతే, ఆ సంచి ఎలా కుట్టించాలో రాయలసీమ అవ్వల వక్కాకు తిత్తిని చూసి నేర్చుకోవచ్చు. బొందులు రెండు పక్కలకూ లాగితే మూతి ముడుచుకుంటుంది. లోపల ఆకుకు ఒక అర, వక్కకు ఒకటి, చిల్లర డబ్బులకు ఒకటి. మన సంచికీ అలా కత్తెర, టేపు పెట్టుకునే అర ఒకటి ఉంటే అవి ఊలు ఉండతో చిక్కుపడవు. గుడ్డ రెండు పొరలుండాలి, ఒంటి పొరను ఈ సన్న సూదులు ఇట్టే పొడిచేస్తాయి. లోపలికి మ్యాచింగ్ సెంటరులో దొరికే లేత రంగు లైనింగు నున్నగా ఉంటుంది, కింద పడిన చిన్న కుట్టు గుర్తు మార్కరు కూడా కనిపిస్తుంది. కుట్టు అంచులు రెండు పొరల మధ్యకు పోవాలని టైలరుకు గట్టిగా చెప్పాలి, లేకపోతే అక్కడ ఊడే దారాలన్నీ సూది మొనలకు చుట్టుకుంటాయి. జత మేజోళ్లకు సరిపోయే 100 గ్రాముల ఉండకు 20 సెంటీమీటర్ల వెడల్పు, 25 ఎత్తు, అడుగున కొంచెం చదును చాలు. అంతకంటే పెద్దదైతే ఉండ లోపల దొర్లుతూనే ఉంటుంది. మధ్యలోంచి పోగు వచ్చేలా చుట్టుకుంటే ఆ దొర్లుడూ ఉండదు.

సూదులు బయటికి పొడుచుకొస్తాయన్న ఫిర్యాదు మాత్రం ఇంకా మిగిలే ఉంది. పెన్సిల్ వెనక తొడిగే రబ్బరు మూతలు మొనలకు పెట్టి, సూదులన్నిటికీ కలిపి రబ్బరు బ్యాండు వేస్తే కొంత దారికొస్తాయి. నలుగురూ తోసుకునే రైల్లో, మరో బ్యాగు అడుగున పడేసి తీసుకెళ్లాల్సి వస్తే, బొందు సంచిని అలాగే పెద్ద జిప్పు పర్సులో పెట్టేయడం మేలు. దాన్ని జిప్పు పక్షంవాళ్లు తమ గెలుపు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నరసాపురం వైపు లేసు అల్లేవాళ్లకు ఈ తగువంతా వింతగా ఉంటుందేమో. క్రోషేలో ఎప్పుడూ విడిపోయే కుట్టు ఒక్కటే. దాన్ని కాస్త పొడుగు లాగి పిన్నీసు పెట్టి, కొక్కేన్ని నూలు ఉండలో గుచ్చి, ఏ సంచిలో పడేసినా వాళ్లకు చెల్లుతుంది.