సూది ఎక్కడ వేయాలో రోగినే అడగండి

హెచ్‌ఐవీ మందు సీసా లేబుల్ చింపేసి, మాత్రలను పేరులేని డబ్బాలోకి మార్చి, బియ్యం డ్రమ్ము వెనక దాచుకునే ఇళ్లు మన మధ్యే ఉన్నాయి. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. రోజుకో మాత్రతో వైరస్ అదుపులో ఉంటోంది, నలుగురికీ తెలుస్తుందన్న భయం మాత్రం పోలేదు.

కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ ఇంజెక్షన్లు రెండు నెలలకోసారి పిరుదు కండరాల్లో వేయించుకుంటే రోజువారీ మాత్ర అక్కర్లేదు. వైరస్ అదుపులో ఉండి, హెపటైటిస్-బి లేనివారు వీటికి మారవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూలైలో సిఫార్సు చేసింది.

మన ఉచిత కార్యక్రమంలోకి అవి వచ్చిన రోజున ఎక్కడ వేస్తారన్నదే అసలు ప్రశ్న. రేపల్లె మనిషి, సొంతూళ్లో తెలిసినవాళ్లు చూస్తారేమోనని రైలెక్కి తెనాలి వెళ్లాలనుకోవచ్చు. బాపట్ల తీరంలో ఒక రోజు కూలి పోతే గడవని వారికి ఊళ్లోని ఆరోగ్య కేంద్రమే మేలు కావచ్చు. సూది పిరుదుకు వేసేది కాబట్టి, నర్సమ్మే వేయాలని చాలామంది ఆడవాళ్లు కోరుకుంటారు. గడువు వారం మించి దాటకూడదు, రిల్పివిరిన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి, నిజమే. వీటిని సాకుగా చూపి అందరినీ ఒకే పెద్దాసుపత్రి వరుసలో నిలబెట్టడం అన్యాయం. గోప్యత 2017 నాటి చట్టం రోగికి ఇచ్చిన హక్కు. మాత్రే చాలనేవారిని బలవంతపెట్టనూ కూడదు.

గుంటూరు, బాపట్ల జిల్లాల వైద్యాధికారులు ఆ మందు వచ్చేదాకా ఆగకుండా ఎక్కడ, ఏ వేళ, ఎవరి చేత అని ఇప్పుడే రోగులను అడిగి రాసుకోవాలి.