డాబా మీది సీసా

పండగలకి మన ఇళ్ళల్లో మగవాళ్ళు డాబా ఎక్కుతారు. కింద మనం వేయించిన జీడిపప్పు, చేప ముక్కలు పళ్ళేల్లో సర్ది పిల్లల చేత పైకి పంపుతాం. పైన ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. అయినా తెలియనట్టే ఉంటాం. ఈ కనుమకి మొవ్వలో మా ఇంట్లో ఆ పద్ధతి కాస్త తప్పింది.

మా తమ్ముడు డల్లాస్ నుంచి వస్తూ స్పెయిన్ వాళ్ళ ఎర్ర వైన్ ఒక సీసా తెచ్చాడు. రియోహా అనే ప్రాంతానిదట. "పైకెందుకురా, ఇక్కడే భోజనాల బల్ల మీద పెట్టు. నేనూ రుచి చూస్తాను" అన్నాను. మా వారు నా వంక అదోలా చూశారు. మా అమ్మ ఏమీ అనలేదు.

సీసా మీద క్రియాన్సా అని రాసి ఉంది. అంటే కనీసం రెండేళ్ళు నిలవ ఉంచినది, అందులో ఒక ఏడాదైనా ఓక్ చెక్క పీపాల్లో. ద్రాక్ష రకం పేరు టెంప్రానియో. త్వరగా పండుతుందని ఆ పేరు పెట్టారు, మన స్వల్పకాలిక వరి లాంటిదన్నమాట. వెనిల్లా వాసన వస్తోంది చూడక్కా అన్నాడు తమ్ముడు. నాకు మొదట తగిలింది మాత్రం వగరు. వక్క నమిలితే నాలుక పట్టేస్తుందే, అచ్చం అదే. వాళ్ళు టానిన్ అని గొప్పగా చెప్పుకునేది దీన్నే. మనం ఎప్పుడో షడ్రుచుల్లో దానికి చోటిచ్చి, ఏటా ఉగాది పచ్చడిలో తింటూనే ఉన్నాం.

ఇక దేనితో నంజుకోవాలి? కనుమ కాబట్టి మినపగారెలు, నాటుకోడి పులుసు ఉన్నాయి. గారెతో బాగానే ఉంది, నూనె తగిలి వగరు తగ్గింది. కోడి ముక్కతో ఇంకా మెత్తబడాలి. మాంసకృత్తులు టానిన్‌ని పట్టుకుంటాయి. డికాషన్ టీలో పాలు పోస్తే వగరు తగ్గేదీ అందుకే. కానీ మా పులుసులో కారం ఊరుకుంటుందా! ఆల్కహాల్ కారం మంటని ఇంకా పెంచుతుంది. రెండో గుక్కకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రియోహాలో దీన్ని ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద కాల్చిన గొర్రెపిల్ల మాంసంతో తీసుకుంటారట. ఆ ఊరి వంటకి ఆ ఊరి వైన్. మన కారానికి జోడీ ముద్దపప్పు, నెయ్యి, చివర్లో గడ్డపెరుగు. ఆ లెక్క మన పెద్దవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. మన భోజనానికి వైన్ లేని లోటేమీ లేదని నా అభిప్రాయం.

"ఎర్ర వైన్ గుండెకి మంచిదక్కా" అన్నాడు తమ్ముడు. ఈ మాట ఇప్పుడు చాలా ఇళ్ళల్లో వినపడుతోంది. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే చెప్పింది. తాగాలనిపిస్తే తాగండి, మందుల చీటీలా చూపించకండి.

అప్పుడు అమ్మ నోరు విప్పింది. "మీ నాన్న తాగొచ్చిన రోజు ఎప్పుడైనా మనతో కూర్చుని అన్నం తిన్నారా?"

తినలేదు. నాన్నది గోడవైపు తిరిగి పడుకునే తాగుడు. కంచంలో అన్నం అలాగే చల్లారిపోయేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడిన కబురు విని అమ్మ ఎంత సంబరపడిందో నాకు గుర్తు. 1995 జనవరి 16న మద్యనిషేధం వచ్చినప్పుడు దేవుడి దగ్గర దీపం పెట్టింది. 1997లో నిషేధం ఎత్తేశారు. మధ్యలో ఆ రెండేళ్ళూ నాన్న పూర్తిగా మానలేదు గానీ, కొన్ని రాత్రులైనా మాతో అన్నం తిన్నారు. అమ్మకి అదే మిగిలింది.

తమ్ముడు ఏమీ మాట్లాడకుండా సీసాకి బిరడా పెట్టేశాడు. సగానికి పైగా అలాగే ఉంది. డాబా మీదైతే మిగిలేది కాదు.

బల్ల మీదకి వచ్చినంత మాత్రాన మందు మంచిదైపోదు, నాకు తెలుసు. దాన్ని ఇంట్లో అలవాటు చేయమని చెప్పడం లేదు. కానీ అమ్మ ఎదుట, పెళ్ళాం ఎదుట, పిల్లల ఎదుట కూర్చున్నవాడు రెండో గ్లాసు పోసుకునే ముందు ఒకసారి చుట్టూ చూస్తాడు. చీకట్లో డాబా మీద చూడ్డానికి ఎవరుంటారు? మన ముందు తాగలేనిదాన్ని పైకెళ్ళి తాగితే, దానికి జీడిపప్పు వేయించి పంపుతున్న మన వాటా కూడా అందులో ఉంది కదా!

మా అబ్బాయికి పదహారేళ్ళు. కిందటేడు వరకూ ఆ పళ్ళేలు పైకి మోసింది వాడే. వచ్చే పండక్కి మా ఇంట్లో పళ్ళేలు మేడ మెట్లెక్కవు. తినాలనుకున్నవాళ్ళు కిందకి దిగి రావాలి.