వీధిలో ట్రాక్టరు, దొడ్డిలో ట్రాక్టరు

గ్రామములలో పొలము గట్టు తగవు, కాలువ నీటి తగవు పూర్వమునుండి యున్నవే. వానితో జేరిన క్రొత్త తగవు బండి నిలుపు తగవు. ట్రాక్టరు, దాని ట్రాలీ, రోటవేటరు, కోతల కాలమున వచ్చు మిషను, ధాన్యమునకై వచ్చు లారీ, ఇవన్నియు రాత్రివేళ ఎచ్చట నుండవలెను? ఇండ్ల నడుమ పెద్ద వాహనములు ఎంతమాత్రము నిలుపరాదని పంచాయతీవారు నిబంధన చేయవలెనని కొందరి వాదము. మా యిల్లు, మా బండి, అడుగుటకు మీరెవరని మరికొందరి వాదము. ఈ రెండు వాదములలోను సగము న్యాయము, సగము అన్యాయము కలదని నా అభిప్రాయము. వీధికి ఒక న్యాయము, సొంత దొడ్డికి వేరొక న్యాయము ఉండవలెను. మరియు నిలుపుటకు చోటు చూపిన పిమ్మటనే నిషేధము రావలెను. ఆ చోటు చూపుట సహకార సంఘమునకు తగిన పని.

ఎడ్లబండ్లు గూడ వీధిలోనే యుండెడివి గదా, అప్పుడు లేని తగవు ఇప్పుడేల యని పెద్దలు కొందరడుగుదురు. ప్రశ్న సబబైనదే. ఎడ్లను విప్పిన పిమ్మట బండిని నొగలు పైకెత్తి గోడ వారగా నిలిపెడివారు. దారి కావలసివచ్చిన ఇద్దరు మనుష్యులు చెరియొక చక్రము పట్టి నెట్టిన అది తొలగెడిది. బండి యజమాని యింట లేకున్నను పొరుగువారే ఆ పని చేసికొనెడివారు. బస్తాలతో నిండిన ట్రాలీని అట్లు తొలగింప ఎవరి తరము? ట్రాక్టరును విప్పికొనిపోయి, ట్రాలీ చక్రమునకు రాయి అడ్డుపెట్టి వీధిలో విడిచిన యెడల, ఆ ట్రాక్టరు మరల వచ్చువరకు అది వీధిలో కట్టిన గోడయే. బండియొక్క పరిమాణముకన్న, ఇతరులు దానిని తొలగింపలేకుండుటయే ఈ తగవునకు మూలము.

ఒక చిన్న లెక్క చూడుడు. పాత ఊరిలో 15 అడుగుల వీధి యనిన మంచి వీధియే. ఇరుప్రక్కల కాలువలకును అరుగులకును మూడడుగులు పోగా 12 అడుగులు మిగులును. ట్రాలీ తొట్టె వెడల్పు ఆరు, ఆరున్నర అడుగులు. దానిని గోడ కానించి నిలిపినను మిగులు దారి అయిదున్నర అడుగులు మాత్రమే. అందు మోటారు సైకిలు పోవును. ఆటో ప్రయాసతో పోవును. 108 బండి పోజాలదు. 2005లో ఆంధ్రదేశమున ఆ బండ్లు ఆరంభమైన నాటినుండి, ప్రసవవేదన పడు స్త్రీకిని, పాము కరచిన కూలివానికిని ఫోను చేసిన వెంటనే సాయము వచ్చునను ధైర్యము పల్లెలలో కలిగినది. అట్టి బండి ఊరి మొగదలకు వచ్చి, రోగిని మంచముపై మోసికొని రండని కబురు పంపవలసివచ్చిన, ఆ ఆలస్యమునకు జవాబుదారి ఎవరు? ఇక అగ్నిమాపకయంత్రము సంగతి చెప్పనేల! దానికి ఎనిమిదడుగులకు తక్కువ కాని దారి కావలెను. వేసవిలో వామికి నిప్పంటుకొన్ననాడు అది రాలేకపోయిన కాలిపోవునవి ఒక్క ట్రాలీ యజమాని సొత్తులు మాత్రమే కావు.

చీకటి ప్రమాదము వేరు. దీపము లేని వీధిలో, వెనుక ఎఱ్ఱ బిళ్ల గాని మెరయు పట్టీ గాని లేని ట్రాలీని ద్విచక్రవాహనము వెనుకనుండి ఢీకొనుట పలుమారు వినుచున్న వార్తయే. రోటవేటరును విప్పి వీధివారగా పడవేయుదురు. దాని కత్తులు పొలమున మన్నును కోయునవే గాని, దాని చుట్టు పరుగిడు పిల్లల కాళ్లను ఎరుగవు. నాలుగు రూపాయల గోనెపట్టా కప్పుటకైనను ఓపిక యుండవలదా?

చెప్పుటకు కొంచెము కష్టముగా నున్నను చెప్పక తప్పని మాట ఒకటి కలదు. వీధిలో నిలుచు ట్రాలీ సాధారణముగా దాని యజమాని వాకిట నిలువదు. తన వాకిట ముగ్గు చెడునని, కార్లకు అడ్డమని, కొంచెము ముందుకో వెనుకకో జరిపి, నోరెత్తి కాదనలేని వాని యింటి ముందు నిలుపుదురు. ఆ యిల్లు ఏ విధవరాలిదో, ఏ కౌలుదారునిదో, ఆ యజమాని పొలములోనే కూలికి పోవువానిదో యై యుండును. వాడు ఫిర్యాదు చేయడు. చేయకుండుటచే అతనికి ఇబ్బంది లేదని తలపరాదు. పంచాయతీవారు ఫిర్యాదు వచ్చిననే చూతుమందురేని, ఈ అడ్డు ఎన్నటికిని తొలగదు.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. ఆంధ్రప్రదేశమున 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమును, తెలంగాణమున 2018 నాటి చట్టమును గ్రామవీధుల పాలనను గ్రామపంచాయతీకి అప్పగించినవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 122వ సెక్షను, ఇతరులకు అపాయము గాని, ఆటంకము గాని, మితిమీరిన అసౌకర్యము గాని కలుగునట్లు బహిరంగ స్థలమున వాహనమును నిలుపరాదని చెప్పుచు, ట్రైలరును గూడ పేరుపెట్టి చేర్చినది. ట్రాక్టరు విప్పితిని, మిగిలినది వట్టి తొట్టెయే యను వాదము కావున చెల్లదు. ఆ చట్టములో బహిరంగ స్థలమనగా జనులు వచ్చిపోవు హక్కుగల మార్గమెల్ల చేరును. అది అవతలికి దారి లేని సందైనను సరియే. జనమార్గమున అడ్డు కలిగించుటకు 1860 నాటి శిక్షాస్మృతి 283వ సెక్షనులో 200 రూపాయలవరకే జుల్మానా యుండెడిది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 285వ సెక్షను దానిని 5,000 రూపాయలవరకు పెంచినది. ఇరుగుపొరుగువారు పోలీసు ఠాణాకు పోవలెనని నా కోరిక కాదు. వీధి విషయమున "మా యిష్టము" అను మాటకు ఆధారము లేదని తెలియుటకే యిది వ్రాసితిని.

ఇక సొంత దొడ్డి మాట. ఇచ్చట నేను ట్రాక్టరు యజమాని పక్షము వహించుచున్నాను. రైతు తన యావరణములో తన పనిముట్టు నుంచుకొనుట తప్పని ఎవరైనను అనిన, అది వడ్రంగి యింట బాడిస ఉండరాదనుట వంటిది. ట్రాక్టరు చాలమందికి బ్యాంకు ఋణముపై వచ్చిన సొత్తు. వాయిదా తీరువరకు అది సగము బ్యాంకువారిది. దానిని ఊరి వెలుపల విడిచిన బ్యాటరీ పోవును, డీజిలు పోవును. తెల్లవారుజామున నాలుగు గంటలకు దమ్ముకు బయలుదేరవలసినవానికి బండి కంటి యెదుట నుండవలెను. ఆ ట్రాక్టరు యజమాని ఒక్కడే దానివలన బ్రతుకుట లేదు; సొంత అరకలేని చిన్న రైతులందరు దాని బాడుగపైననే దుక్కి చేసికొనుచున్నారు.

పట్టణములలోని కాలనీలవారు ఇండ్ల ముందు పెద్ద వాహనములను నిషేధించుట చూచి, మన పల్లెలలోను అట్లే చేయుదమను యువకులు కొందరున్నారు. అమెరికాలోనున్న మన పిల్లలు గూడ అచ్చటి నిబంధనలను గూర్చి చెప్పుచుందురు. అక్కడ పెక్కు ఊళ్లలో నివాసస్థలములందు పెద్ద లారీలను, విహారపు బండ్లను, పడవలను నిలుపుటకు గట్టి ఆంక్షలు గలవు. పట్టణమును నివాసములకు, వ్యాపారములకు, కర్మాగారములకు వేరువేరుగా విభజించి కట్టడి చేయు అధికారము స్థానిక ప్రభుత్వములకు కలదని అచ్చటి సుప్రీముకోర్టు 1926లో యూక్లిడ్ గ్రామపు వ్యాజ్యములో తీర్పు చెప్పినది. ఆ ఆంక్షలలో చాలవరకు ఇండ్ల అందమును, ఇండ్ల వెలను కాపాడుటకు ఏర్పడినవి. వారి వ్యవసాయక్షేత్రములు ఇండ్ల కాలనీలకు దూరముగా నుండును గనుక వారికి అది సరిపోయినది. మన ఊరిలో ఇల్లును, కొట్టమును, గాదెయు, పశువుల పాకయు ఒక్క ప్రహరిలోనే యుండును. అందము పేరున దొడ్డిలోని ట్రాక్టరును వెడలగొట్టిన, రేపు గేదెను గూడ వెడలగొట్టవలసివచ్చును. మన నిబంధనకు ఆధారము రెండే కావలెను: దారి, ప్రాణరక్షణ.

ఆ రెండవదానికొరకు సొంత దొడ్డిలో గూడ కొన్ని కట్టుబాట్లు తప్పవు. డీజిలు డబ్బాలను వామి ప్రక్కనను, వంటపాక ప్రక్కనను పెట్టువారిని అనేకులను చూచుచున్నాము. ట్రాక్టరు పొగగొట్టము వేడి తగ్గకముందే దానిని వరిగడ్డి వామి క్రింద జొనుపుదురు. వామికిని బండికిని నడుమ కనీసము ఒక గది వెడల్పు ఎడము విడుచుట ఏమంత నష్టము? పురుగుమందు చల్లు ట్యాంకును దొడ్డిలో కడిగి ఆ నీటిని వీధి కాలువలోనికో నూతి గట్టునకో వదలుట అంతకన్న చెడ్డది. దానిని చేనిలోనే కడిగి, ఆ నీటిని ఆ చేనిమీదనే చల్లివేయవలెను. దొడ్డిలోని ట్రాలీ మూతి రెండడుగులు వీధిలోనికి చొచ్చియున్న, ఆ రెండడుగులు వీధి న్యాయమునకే లోబడును.

కోతల కాలమున వచ్చు మిషనుల విషయము వేరుగా ఆలోచింపదగినది. టైరు మిషను ముందరి కోతపళ్లెము ఇంచుమించు 14 అడుగుల వెడల్పు గలది. అది పాత ఊరి వీధిలో దూరుటయే విపరీతము. చైను మిషను చిన్నదైనను దానిని మోసికొనివచ్చు లారీ చిన్నది కాదు. వీనిని నడుపువారు పొరుగు జిల్లాలనుండియు, పొరుగు రాష్ట్రములనుండియు వచ్చి నెలరోజులు మన యూరనే యుందురు. నీళ్లకును, నిద్రకును వారికి ఒక చోటు చూపుట మన ధర్మము. చూపకున్న వారు బడి ముందో గుడి ముందో మిషను నిలిపిన తప్పు పట్టరాదు. దమ్ము చక్రములతో ట్రాక్టరును సిమెంటు రోడ్డుపై నడుపు దురలవాటు ఈ వ్యాసమునకు కొంచెము వెలుపలిదైనను విడువలేకున్నాను. ఎంతో కాలము అడిగి అడిగి వేయించుకొన్న రోడ్డును ఒక్క సాలులో చెక్కివైచుట ఎక్కడి తెలివి? ఇనుప చక్రములను చేనివద్ద బిగించి చేనివద్దనే విప్పుకొనవలెను.

ఇప్పుడు చోటు సంగతి. ట్రాక్టరును ట్రాలీయు కలిపి పొడవు 25 అడుగులకు కొంచెము అటునిటు. ఒక్కొక్క జతకు 30 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఇచ్చిన 360 చదరపు అడుగులు. సొంత దొడ్డి లేని యజమానులు ఇరువదిమంది యున్న ఊరిలో 7,200 చదరపు అడుగులు చాలును. ఇది 17 సెంట్లకు లోపే. త్రిప్పుకొనుటకును, వచ్చిపోవుటకును ఇంకొక రెండింతలు కలిపినను అర యెకరమునకు మించదు. ఇంతమాత్రపు స్థలము పంచాయతీ అధీనమున గాని, సంఘపు గోదాము ఆవరణలో గాని లేని గ్రామములు అరుదు. ఎరువుల బస్తాలు దిగు రోజులు, ధాన్యము కొనుగోలు రోజులు మినహా గోదాము వెనుకటి స్థలము తుమ్మచెట్లకే నిలయమై యున్నది.

సహకార సంఘము అప్పులిచ్చుటకే యున్నదను తలంపు 1904 నాటి పరపతి సంఘముల చట్టముతో పుట్టినది. అది ఇప్పుడు చెల్లదు. 2023లో కేంద్ర సహకారశాఖవారు ప్రాథమిక సంఘములకు పంపిన నమూనా నిబంధనావళి, గోదాములు, యంత్రముల బాడుగ కేంద్రములు మొదలుగా 25కు పైబడిన వ్యాపకములను సంఘములు చేపట్టవచ్చునని చెప్పినది. 2020లో ఏర్పడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద ఇట్టి నిర్మాణములకై 2 కోట్ల రూపాయలవరకు ఋణముపై ఏడేండ్ల వరకు 3 శాతము వడ్డీ రాయితీ ఏర్పాటు జరిగినది. యంత్రముల బాడుగ కేంద్రములో భాగముగా రేకుల కొట్టము, కంచె, ఒక దీపము, ఒక కావలివాడు ఏర్పడిన, బ్యాటరీ భయము చాలవరకు తీరును. నెలకింతయని స్వల్ప రుసుము పెట్టుట మంచిదే. ఉచితమైన కావలికి జవాబుదారి యుండదు. ఆ రుసుము కావలివాని జీతమునకును దీపమునకును సరిపోయిన చాలును. సంఘము దీనివలన లాభము తీయజూచిన ట్రాలీలు మరల వీధికే వచ్చును.

చోటు ఏర్పడిన పిమ్మట పంచాయతీవారు గ్రామసభలో చర్చించి నిబంధన చేయవచ్చును. దింపుటకు, ఎక్కించుటకు పట్టు కాలము మినహా వీధిలో పెద్ద వాహనమును, విప్పిన ట్రాలీని నిలుపరాదని చాటింపు వేయింపవలెను. మొదటిమారు హెచ్చరిక, పిదప జుల్మానా. ఈ జుల్మానా మొదట సర్పంచిగారి బంధువులపైనను, మన సంఘపు డైరెక్టర్లపైనను పడిన దినమున నిబంధన నిలుచును; కూలివాని పాత ఆటోపై మాత్రమే పడిన, అది వారము తిరుగకముందే నవ్వులపాలగును.

రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందుగా కార్యదర్శిగారు ఊరిలో ట్రాక్టర్లెన్ని, ట్రాలీలెన్ని, దొడ్డి లేని యజమానులెందరు, 108 బండి దూరలేని వీధులెవ్వి అను పట్టికను వ్రాయించి తెచ్చిన యెడల, గోదాము వెనుకటి స్థలము చాలునో చాలదో ఆనాడే తేలిపోవును.