ఇంగ్లీషు పలుకుబడి: టేక్ ఆఫ్

పిల్లలూ! 'టేక్' అంటే తీసుకోవటం అని మీకు తెలుసు. జరిగిపోయిన పనికి 'టుక్' అంటాం. మరి 'ది ప్లేన్ టుక్ ఆఫ్' అంటే విమానం ఏం తీసుకున్నట్టు? ఏమీ తీసుకోలేదు! గాలిలోకి లేచింది, అంతే.

ఇదేం వింత అనుకోకండి. మన తెలుగులో 'మండిపడ్డాడు' అంటే మంటా లేదు, పడటమూ లేదు. మాటకు మాట అర్థం చెబితే నవ్వులపాలవుతాం. రెండు మాటలనూ కలిపి ఒకే మాటగా చూడాలి.

'టేక్ ఆఫ్'లో కీలకమంతా 'ఆఫ్'లోనే ఉంది. ఉన్నచోటు నుంచి వేరుకావటం దాని అర్థం. నంద్యాల జిల్లా బనగానపల్లె వైపు వెళ్ళి చూద్దాం రండి.

దగ్గరలోనే యాగంటి ఉంది. ఉమామహేశ్వరుల గుడిలోకి వెళ్ళేముందు చెప్పులు విడుస్తాం గదా! 'టేక్ ఆఫ్ యువర్ శాండల్స్' అంటే అదే. కాలి నుంచి చెప్పు వేరయింది. చెప్పులకు బదులు 'దెమ్' అన్నారో, అది నడుమ చేరాలి: 'టేక్ దెమ్ ఆఫ్'. 'టేక్ ఆఫ్ దెమ్' అనకూడదు.

ఇక బనగానపల్లె మామిడి! ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గంప ధర 500 రూపాయలు చెప్పి, అంగడి ఆయన 50 తగ్గించాడనుకోండి. 'హీ టుక్ ఫిఫ్టీ రుపీస్ ఆఫ్ ది ప్రైస్' అనాలి. ధర నుంచి 50 వేరయింది.

కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం ప్రారంభమయింది. కుంఫిణీవాళ్ళు 1847లో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరే దానికి పెట్టారు. అక్కడ విమానం లేస్తే 'టుక్ ఆఫ్' అంటాం. నేల నుంచి విమానం వేరయింది. చెప్పులను మనం విడవాలి. విమానం తనంతట తానే నేల విడుస్తుంది. అందుకే ఈ అర్థంలో 'దేనిని?' అన్న ప్రశ్నకు చోటు లేదు. కొత్త వ్యాపారం బాగా పుంజుకున్నా, విమానం లేచినట్టే గనుక, 'టుక్ ఆఫ్' అంటారు.

పెద్దలకు ఒక మాట: అర్థాల పట్టీ బట్టీ పట్టించకండి. 'ఏది దేని నుంచి వేరయింది?' అని పిల్లలను అడగండి, చాలు.

ఇప్పుడు వీటికి అర్థం చెప్పండి, చూద్దాం:

1. టేక్ ఆఫ్ యువర్ క్యాప్.
2. ది థీఫ్ సా ది పొలీస్ అండ్ టుక్ ఆఫ్.
3. మదర్ టుక్ ఎ డే ఆఫ్.

జవాబులు: 1. టోపీ తియ్యి. 2. దొంగ పోలీసులను చూసి ఉడాయించాడు. 3. అమ్మ పనికి ఒకరోజు సెలవు పెట్టింది.