ఇంప్లాంట్ పన్నుకు ‘మంచి క్రిముల’ మందు

గత మాసం మా ఆపా ఫోను చేశారు. ఆమెకు అరవై రెండేళ్ళు. చాలాకాలంగా మధుమేహం ఉంది. నాలుగేళ్ళ క్రితం కింది దవడలో ఇంప్లాంట్ పన్ను పెట్టించుకున్నారు.

“తోముకుంటే ఆ పన్ను దగ్గర రక్తం వస్తోంది తమ్ముడూ. నొప్పేమీ లేదు. మందుల దుకాణంలో ప్రోబయోటిక్ క్యాప్సూళ్ళు ఇచ్చారు. మంచి క్రిములట, చెడ్డవాటిని తరిమేస్తాయట. రెండు నెలలుగా వేసుకుంటున్నాను. ఇంతకీ ఆ పైతొడుగు జిలాటిన్ కదా, వేసుకోవచ్చా?”

జిలాటిన్ ఏ జంతువునుంచి తీశారో సీసాపై లేకుంటే కంపెనీని అడగాలనీ, మొక్కలనుంచి తీసిన సెల్యులోజ్ తొడుగుతోనూ క్యాప్సూళ్ళు దొరుకుతాయనీ చెప్పాను. నాకు దిగులు కలిగించింది ఆమె అడిగిన ప్రశ్న కాదు, అడగని ఆ రక్తం సంగతి.

స్వీడన్‌కు చెందిన బ్రానెమార్క్ అనే వైద్యుడు 1965లో తొలిసారి ఒక రోగి దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. టైటానియంతో ఎముక నేరుగా అతుక్కుంటుందన్న ఆయన పరిశీలనే ఈ చికిత్సకు పునాది. సహజ దంతానికైతే చిగురులోని నారలు వేరులోకి చొచ్చుకుపోయి గట్టిగా పట్టుకుంటాయి. ఇంప్లాంట్ చుట్టూ అవి పక్కపక్కనే సాగిపోతాయే తప్ప లోహాన్ని అలా పట్టుకోవు. కనుక అక్కడ పాచి పేరుకుంటే, దానిలోని బ్యాక్టీరియా వల్ల పుట్టిన వాపు లోతుకు దిగడం సులభం. వాపు చిగురుకే పరిమితమై ఉన్నంతకాలం శుభ్రం చేయిస్తే తగ్గిపోతుంది. ఎముకను చేరిందా, కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు. ఇదంతా తరచూ నొప్పి లేకుండానే జరిగిపోతుంది! పొగత్రాగేవారికి, చక్కెర అదుపులో లేనివారికి, పూర్వం చిగుళ్ళ వ్యాధి ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ.

మరి ప్రోబయోటిక్ సంగతి? ఆలోచన అర్థం లేనిది కాదు. పాచి ఒక జిగురు పొరలా అంటుకుని ఉంటుంది గనుక యాంటీబయాటిక్ దానిలోకి సరిగా చొరబడదు. పైగా ఆ మందులను అతిగా వాడితే క్రిములు వాటికి లొంగకుండా పోతాయి. అందుకే పరిశోధకులు లాక్టోబాసిల్లస్ రియూటరీ వంటి బ్యాక్టీరియా వైపు చూశారు. అది చెడ్డ క్రిములతో చోటుకోసం పోటీపడుతుంది. రియూటరిన్ అనే క్రిమినాశక పదార్థాన్ని కూడా తయారుచేస్తుంది. ఇంప్లాంట్లు ఉన్నవారిపై జరిగిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు భిన్నమైనవి. కొన్నింటిలో రక్తస్రావం కొంత తగ్గింది. మరికొన్నింటిలో ఉత్తుత్తి బిళ్ళ చప్పరించినవారికీ వీరికీ తేడాయే కనిపించలేదు.

ఆపాకు నేను నొక్కి చెప్పినది మరొకటుంది. ఆ పరీక్షల్లో సాధారణంగా వాడినది నోటిలో నెమ్మదిగా కరిగే బిళ్ళ. అదీ ఇంప్లాంట్ చుట్టూ వైద్యుడు పాచి తీసిన సందర్భాలలో. ఆపా మింగుతున్నది కడుపు కోసం తయారైన క్యాప్సూల్. అది చిగురును తాకనైనా తాకకుండా గొంతు దాటిపోతోంది. పెరుగు తింటే సరిపోదా అని కూడా అడిగారు. పెరుగు మంచి ఆహారమే, కానీ మన ఇంటి తోడులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? రోగనిరోధక శక్తి బాగా క్షీణించినవారు మాత్రం ఇటువంటి బిళ్ళలను వైద్యుణ్ణి అడగకుండా వాడరాదు.

మరుసటి వారం ఆమెను దంతవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాను. ఎక్స్‌రేలో ఇంప్లాంట్ మెడ చుట్టూ ఎముక కొంత కరిగి ఉంది. రెండు నెలల ముందే వచ్చి ఉండవలసింది అన్నారాయన. పాచి, గార తీసి, పళ్ళ సందుల్లో దూరే సన్నని బ్రష్షు ఎలా వాడాలో అద్దం పట్టించి నేర్పారు. చక్కెర పరీక్ష చేయించమన్నారు. ప్రోబయోటిక్ గురించి నేనే అడిగాను. “శుభ్రం చేసుకుంటూ కావాలంటే చప్పరించండి, దాని బదులు మాత్రం వద్దు” అని నవ్వారు.

మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఆ తేదీని ఆపా క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నారు.